పిల్లలతో సమాజ సమస్యలకు నమూనాలు చేయించాలంటే ఏ దారి మంచిది? ఇన్‌స్పైరా, అటల్ ల్యాబా, డిజైన్ ఫర్ ఛేంజా?

జులై వచ్చిందంటే పిల్లల ప్రాజెక్టులకి గైడ్‌గా ఉండే టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంటుంది. ఈసారి ఇన్‌స్పైర్ మనక్ పోటీకి పంపుదామా, మన స్కూల్లో అటల్ ల్యాబ్ ఉంది కాబట్టి అందులోనే ఏదైనా చేయిద్దామా, లేకపోతే డిజైన్ థింకింగ్ అని ఏదో అయిదు మెట్ల పద్ధతి చెప్తున్నారు కదా, అది పెడదామా అని. ఎవరికి ఏ దారిలో ప్రైజ్ వచ్చిందో వాళ్లు ఆ దారే మంచిదంటారు. నేను సైన్స్ టీచర్ని, వీటిలో కొన్ని పిల్లలతో చేయించాను, కొన్ని పక్క స్కూళ్లలో దగ్గరుండి చూశాను, అందుకని నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. పిల్లలు చేసిన వస్తువు ఆ సమస్య నిజంగా ఉన్న మనిషి చేతికి ఎంత త్వరగా వెళ్తుంది, అక్కడ పనికిరాక వెనక్కి వస్తే దాన్ని మార్చి మళ్లీ ఎన్నిసార్లు పంపగలం, ఈ రెండూ ఏ పద్ధతిలో బాగా కుదురుతాయో మీ స్కూల్‌కి అదే మంచిది. ల్యాబ్ ఎంత పెద్దది, సర్టిఫికెట్ మీద ఎవరి సంతకం ఉంటుంది అనేవి ఆ తర్వాత.

ఇదే ఎందుకు ముఖ్యం అంటున్నానో చెప్పడానికి ప్లేపంప్ కథ చాలు. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఆలోచన అది: పిల్లలు ఆడుకునే రంగులరాట్నం లాంటి చక్రాన్ని బోరుకి కలిపితే, వాళ్లు ఆడుతుంటే నీళ్లు పైన ట్యాంకులోకి ఎక్కుతాయి. వినగానే ఎవరికైనా నచ్చుతుంది. 2006లో అమెరికా ప్రభుత్వం, కొన్ని ఫౌండేషన్లు కలిసి 1.64 కోట్ల డాలర్లు ప్రకటించాయి, 2010 నాటికి ఆఫ్రికా దేశాల్లో 4,000 పంపులు పెట్టాలని లక్ష్యం. 2009లో గార్డియన్ పత్రిక లెక్కవేస్తే తేలిందేమిటంటే, చెప్పినంత మందికి నీళ్లు అందాలంటే పిల్లలు రోజుకి 27 గంటలు ఆడాలి. ఉండేదే 24. పిల్లలు బడికి వెళ్లాక ఆ చక్రాన్ని తిప్పాల్సింది ఆడవాళ్లే, అంతకుముందున్న చేతిపంపు కన్నా వాళ్లకి ఇదే కష్టంగా ఉంది. చాలాచోట్ల పాత చేతిపంపు తీసేసి మరీ దీన్ని పెట్టారు. ఒక్క ఊళ్లో ఒక పంపు పెట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కన కూర్చుని ఎవరు తిప్పుతున్నారో చూసి ఉంటే ఇదంతా ముందే బయటపడేది. డబ్బు, ఇంజనీర్లు, మంచి మనసు అన్నీ ఉండి కూడా లేకపోయింది ఆ చూడటమే. పిల్లలకి మనం నేర్పాల్సింది కూడా అదే.

ఇక ఒక్కో దారి గురించి.

ఇన్‌స్పైర్ మనక్ చాలామందికి తెలిసిందే, కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి నడిపేది. స్కూల్ నుంచి అయిదు ఐడియాల దాకా పంపొచ్చు, ఎంపికైతే నమూనా చేయడానికి పిల్లల ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి, ఆపైన జిల్లా, రాష్ట్ర, జాతీయ ప్రదర్శనలు. ప్రభుత్వ బడికి ఇది గొప్ప అవకాశం, ఊళ్లో పిల్లాడి ఆలోచనకి సర్కారు డబ్బిచ్చిందంటే ఆ ఇంట్లో ఆ పిల్లాడి మాటకి వచ్చే విలువ నేను కళ్లారా చూశాను. కానీ ఇక్కడ వరస గమనించండి. ముందు ఐడియా రాసి పంపాలి, ఎంపికైన తర్వాతే నమూనా. అంటే ఏమీ చేసి చూడకముందే పిల్లాడు ఒక ఐడియాకి కట్టుబడిపోతాడు. డబ్బు వచ్చేసరికి నెలలు గడుస్తాయి, అప్పటికి ప్రదర్శన తేదీ నెత్తిమీద ఉంటుంది, ఉన్నదాన్ని రంగు వేసి నిలబెట్టడం తప్ప మార్చడానికి టైమ్ ఉండదు. అందుకే నా సలహా ఏమిటంటే ఇన్‌స్పైర్‌ని మొదటి మెట్టుగా పెట్టుకోకండి. జూన్, జులైల్లోనే అట్టపెట్టెలతో చేయించి, నలుగురి చేతుల్లో పెట్టి, మార్పించి, అందులో నిలబడ్డ ఐడియాని పోర్టల్‌లో పెట్టండి. రాసేటప్పుడు కూడా తేడా తెలుస్తుంది, పిల్లాడు "ఇది ఉపయోగపడుతుంది" అని రాయడు, "మా ఆయమ్మ వాడి చూసి పిడి పొడుగు చేయమంది, చేశాను" అని రాస్తాడు.

అటల్ టింకరింగ్ ల్యాబ్ (ఏటీఎల్) సంగతి వేరు. నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్‌లో భాగం, ఎంపికైన స్కూల్‌కి 20 లక్షల దాకా వస్తుంది, అందులో సగం ల్యాబ్ పెట్టడానికి, సగం అయిదేళ్ల నిర్వహణకి. త్రీడీ ప్రింటర్, ఆర్డ్యునో బోర్డులు (సెన్సర్లని, మోటార్లని నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు), సెన్సర్లు, పనిముట్లు, ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం. మార్చి మార్చి చేయడానికి ఇంతకన్నా మంచి చోటు బడిలో ఇంకొకటి లేదు, మీ స్కూల్లో ఉంటే తాళం తీసి ఉంచండి, వస్తువులు పాడైనా ఫర్వాలేదు.

అయితే ల్యాబ్‌లో ఒక లాగుడు ఉంటుంది. చేతిలో అల్ట్రాసోనిక్ సెన్సర్ (ఎదురుగా ఏదైనా ఉంటే శబ్ద తరంగాలతో పసిగట్టేది) ఉంది కాబట్టి దానికి సరిపోయే సమస్య వెతుక్కుంటారు. ఏ జిల్లా సైన్స్ ఫెయిర్‌కి వెళ్లినా మీకు మూడు కనిపిస్తాయి: చెయ్యి పెడితే మూత తెరుచుకునే డస్ట్‌బిన్, వాన పడితే బట్టలు లోపలికి లాక్కునే దండెం, అడ్డం వస్తే బీప్ కొట్టే అంధుల కర్ర. ఈ మూడో దాని గురించి కాస్త చెప్పాలి. చూపులేని వ్యక్తి రోడ్డు మీద నడిచేటప్పుడు చెవుల మీద చాలా ఆధారపడతారు, బండి ఎటు నుంచి వస్తోంది, గోడ ఎంత దగ్గరుంది అన్నది శబ్దాన్ని బట్టే పోల్చుకుంటారు. అలాంటి మనిషికి చేతిలో ఆగకుండా బీప్ కొట్టే వస్తువు ఇస్తే ఆ చెవుల్ని మనమే మూసినట్టు. పైగా తెల్లకర్ర తేలిగ్గా ఉండి, మడత పడుతుంది, నేల గరుకుతనం కూడా చేతికి తెలుస్తుంది, బ్యాటరీ డబ్బా బిగించిన పీవీసీ పైపుకి ఇవేవీ ఉండవు. పిల్లలకి ఇవి తెలియకపోవడంలో తప్పేం లేదు, తెలుసుకోవడానికే కదా ఈ పని. కానీ ఆ కర్రని చూపులేని ఒక్క మనిషి చేతిలో కూడా పెట్టకుండా జిల్లా స్థాయి దాకా తీసుకెళ్లి ప్రైజ్ ఇస్తున్నామంటే, పెద్దవాళ్లం మనం వాళ్లకి నేర్పించింది ఏమిటో ఆలోచించాలి. ఏటీఎల్ ఉన్న స్కూల్‌కి నేను చెప్పే ఒకే ఒక నియమం: మనిషితో మాట్లాడి వచ్చాకే సెన్సర్ డబ్బా తెరవాలి.

డిజైన్ ఫర్ ఛేంజ్ 2009లో అహ్మదాబాద్ రివర్‌సైడ్ స్కూల్ నుంచి కిరణ్ బీర్ సేఠీ గారు మొదలుపెట్టింది, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. నాలుగే అడుగులు: ఫీల్, ఇమాజిన్, డూ, షేర్. సమస్యని మనసుకి పట్టించుకో, పరిష్కారం ఊహించు, చెయ్, నలుగురికీ చెప్పు. ల్యాబ్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, ఆరో తరగతి పిల్లలకైనా ఒక్క పీరియడ్‌లో అర్థమవుతుంది. "మనం చేయగలం" అనే ధైర్యం పిల్లల్లో ఇంత త్వరగా తెచ్చే పద్ధతి నాకు వేరే కనపడలేదు. లోటు ఒక్కటే, పరీక్షించి చూడటానికి విడిగా అడుగు లేదు. "డూ" అనగానే పిల్లలు ర్యాలీ తీసేస్తారు, పోస్టర్లు అంటిస్తారు, వీడియో తీసి పంపేస్తారు, అది పనిచేసిందా లేదా అన్నది చూడకుండానే "షేర్" అయిపోతుంది. డూకి, షేర్‌కి మధ్య మీరే ఒక వారం ఖాళీ పెట్టుకుని, ఏం మారిందో కొలిపించండి. అప్పుడు ఇది మామూలు ప్రభుత్వ బడికి అన్నిటికన్నా బాగా సరిపోయే పద్ధతి అని నా నమ్మకం.

మొదట్లో అన్న డిజైన్ థింకింగ్ ఇదే: అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ డి.స్కూల్ వాళ్ల అయిదు మెట్లు, అంటే అవతలి మనిషిని అర్థం చేసుకోవడం, సమస్యని తేల్చుకోవడం, ఐడియాలు, నమూనా, పరీక్ష, ఇవి ప్రైవేటు స్కూళ్లలో ఇప్పుడు బాగా వినిపిస్తున్నాయి. వాళ్లదే గంటన్నర అభ్యాసం ఒకటుంది, ఇద్దరిద్దరు కూర్చుని, ఒకరికి కావలసిన పర్సుని ఇంకొకరు డిజైన్ చేసి కాగితంతో చేసి ఇవ్వడం. టీచర్ల ట్రైనింగ్‌కి ఇది చాలా బాగుంటుంది, పిల్లలకైతే మొదటి రోజు చేతులు కదపడానికి పనికొస్తుంది. అక్కడే ఆగిపోతే మాత్రం రంగు రంగుల చీటీలు గోడ మీద మిగులుతాయి, అంతే. పరీక్ష మెట్టులో క్లాసులో పక్క బెంచీ వాడే "యూజర్" అయితే సమాజ సమస్య ఎక్కడుంది?

బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి నడుస్తోంది, ఊరి సమస్య మీద సర్వే చేసి, లెక్కలు తీసి, రిపోర్టు రాయడం అందులో బలం. నమూనా చేయడం అందులో పెద్దగా ఉండదు. మీ పిల్లలు అడగడం, రాసుకోవడం బాగా చేస్తారు కానీ చేతిపని రాదు అనుకుంటే దానితో మొదలుపెట్టి, వచ్చిన లెక్కల్ని తర్వాత ఏడాది నమూనాకి వాడుకోవచ్చు.

తెలంగాణలో 2020 నుంచి స్కూల్ ఇన్నోవేషన్ ఛాలెంజ్ పేరుతో రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్, యునిసెఫ్, ఇంక్వి-ల్యాబ్ ఫౌండేషన్ కలిసి చేయించిన పనిలో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ముందు టీచర్లకి నేర్పి, ఆ తర్వాత పిల్లల్ని తమ చుట్టూ ఉన్న సమస్య నుంచే మొదలుపెట్టమన్నారు. యాదాద్రి భువనగిరి జిల్లా ముల్కలపల్లి జెడ్పీ హైస్కూల్ అమ్మాయిలు చెరువుల్లో పట్టిపోయే గుర్రపుడెక్కతో శానిటరీ ప్యాడ్లు చేసింది ఆ ఛాలెంజ్‌లోనే. మీ జిల్లాలో ఇలాంటిది నడుస్తుంటే వదులుకోవద్దు.

పద్ధతి ఏదైనా, అసలు ఎంపిక సమస్య దగ్గర జరుగుతుంది. దూరపు సమస్యా, దగ్గరి సమస్యా? పిల్లల్ని స్వేచ్ఛగా వదిలేస్తే గ్లోబల్ వార్మింగ్, సముద్రాల్లో ప్లాస్టిక్, రైతు ఆత్మహత్యలు అంటారు, టీవీలో చూసింది అదే కాబట్టి. ఆ మాటల్ని తీసిపారేయకండి, కానీ వాటిని మన గేటు దాకా లాక్కురావాలి. జోగులాంబ గద్వాల జిల్లా చింతలకుంట జెడ్పీ హైస్కూల్‌లో ఒక అమ్మాయి మొక్కలు నాటే కార్యక్రమంలో నల్ల ప్లాస్టిక్ కవర్లు చింపి పారేయడం చూసింది. తన ప్రాంతంలో వేరుశనగ పొట్టుకి కొదవ లేదు. ఆ పొట్టుతో చేత్తోనే కుండీ చేసి, మొక్కతో పాటు నేలలో పెట్టేస్తే కరిగిపోయేలా ప్రయత్నం మొదలుపెట్టింది. లెక్కల టీచరు తోడున్నారు. తర్వాత హైదరాబాద్‌లో నమూనాలు తయారుచేసే ప్రభుత్వ కేంద్రం టీ-వర్క్స్ వాళ్లు దానికి ప్రెస్సింగ్ మెషిన్ తయారుచేశారు. ప్లాస్టిక్ కాలుష్యం అనే అంత పెద్ద మాట ఒక కవరు, ఒక కుండీ, ఒక మొక్క దగ్గరికి వచ్చి ఆగింది, మెషిన్ కన్నా ముందు చెయ్యి ఉంది. టెస్టు చేయాలంటే స్కూల్ తోటలో పాతిపెట్టి, కొన్నాళ్ల తర్వాత తవ్వి చూస్తే చాలు.

దగ్గరి సమస్య అంటే ఎంత దగ్గర? నా కొలత: పిల్లలు స్కూల్ నుంచి నడిచి వెళ్లి, ఆ మనిషిని కలిసి, అదే పీరియడ్‌లో తిరిగి రాగలగాలి. మధ్యాహ్న భోజనం వండే అక్కలు, అంగన్‌వాడీ ఆయమ్మ, గేటు దగ్గర జామకాయలు అమ్మే అవ్వ, ఊడ్చే మనిషి, బస్టాపు, చేతులు కడుక్కునే కుళాయిలు. ఆలేరు చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం గారి సమస్య ఇంకా దగ్గర. చీరకి ఆసు పోసేటప్పుడు, అంటే నేయడానికి ముందు నూలుని మేకుల చుట్టూ తిప్పేటప్పుడు, చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పీ తిప్పీ భుజం నొప్పితో బాధపడ్డది ఆయన తల్లి లక్ష్మి గారే, పరీక్షించాల్సిన మనిషి ఇంట్లోనే ఉంది. అయినా 1992లో మొదలుపెడితే లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయ్యేసరికి 1999 అయింది. ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చిన సంగతి పిల్లలకి అందరూ చెప్తారు, మధ్యలోని ఆ ఏడేళ్ల గురించి కూడా చెప్పండి. ఒక విద్యా సంవత్సరంలో పిల్లలు అంత పెద్ద పని ముగించలేరు, ముగించనక్కర్లేదు, ఒక ముక్క తీసుకుని ఆ ముక్కని పూర్తిగా పరీక్షిస్తే చాలు.

నమూనా దేనితో చేయించాలి అన్న దానిలో నాకు ఏ సందేహమూ లేదు, మొదటిది అట్టతోనే. అట్టపెట్టె, పాత చార్టులు, సైకిల్ ట్యూబు, వెదురు బద్దలు, సుతిలి, ఫెవికాల్. ఇది డబ్బు లేక చెప్పే మాట కాదు. త్రీడీ ప్రింటర్‌లో మూడు గంటలు కూర్చుని తీసిన వస్తువుని "ఇది నాకొద్దు బాబూ" అంటే పిల్లాడికి ఏడుపొస్తుంది, దాన్ని సమర్థించుకోవడం మొదలుపెడతాడు. అట్టతో చేసిందైతే అక్కడికక్కడే కత్తెర తీసి కోసేస్తాడు. చూసేవాళ్లకి కూడా అంతే, నీట్‌గా రంగేసిన వస్తువుని విమర్శించడానికి మొహమాటపడతారు, అట్టముక్కని చూస్తే "ఇక్కడ ఇంకొంచెం వెడల్పు పెట్టు" అని నోరు తెరుస్తారు. కొలతలు కుదిరాక, బలం, నీళ్లు, ఎండ లాంటివి పరీక్షించాల్సి వచ్చినప్పుడు పైపులకీ ప్రింటర్‌కీ వెళ్లండి.

యాప్ చేస్తామని వచ్చే పిల్లలు ఇప్పుడు ఎక్కువయ్యారు. వద్దనకండి, కానీ కోడింగ్ కన్నా ముందు ఫోను సైజులో కాగితాలు కోసి, ఒక్కో స్క్రీన్ పెన్నుతో గీయమనండి. అవతలి మనిషి వేలితో ఎక్కడ నొక్కితే, ఆ తర్వాతి కాగితం ఒక పిల్లాడు ముందు పెడతాడు. సగం యాప్‌ల సంగతి అక్కడే తేలిపోతుంది: పింఛను కోసం తిరిగే తాత దగ్గర ఉన్నది బటన్ల ఫోను, లేదా ఫోను ఉన్నది కొడుకు జేబులో. బస్సు టైము చెప్పే యాప్ అనుకున్నది బస్టాపులో ఒక బోర్డు, చాక్‌పీసు అయిపోవచ్చు. అది ఓడిపోవడం కాదు, మంచి డిజైన్.

ఇంకో మాట, సమాజ సమస్యకి పరిష్కారం ఎప్పుడూ వస్తువే కానక్కర్లేదు. ఒక స్కూల్లో మధ్యాహ్న భోజనంలో అన్నం బాగా వృథా అవుతోందని తీసుకున్నారు. కూర బాగోలేక పారేస్తున్నారని పిల్లల ఊహ. మిగిలిన అన్నం బకెట్‌ని రోజూ స్ప్రింగ్ త్రాసుకి తగిలించి బరువు రాయమన్నారు టీచర్, ఎవరు పారేస్తున్నారో కూడా చూడమన్నారు. చూస్తే పారేసేది ఎక్కువగా ఆరో తరగతి వాళ్లు, ఎందుకంటే పదో తరగతి అన్నయ్యకి వేసిన గరిటెతోనే వాళ్లకీ వేస్తున్నారు. నమూనా ఏమిటంటే రెండు వరసలు, ఒకటి "సగం", ఒకటి "నిండుగా", మళ్లీ కావాలంటే మళ్లీ రావచ్చు. ఖర్చు రెండు చార్టు ముక్కలు. మొదటి రోజు సగం వరస ఖాళీగా ఉంది, తక్కువ తింటారని పక్కవాళ్లు నవ్వుతారని సిగ్గు. పేర్లు తీసేసి నీలం, పచ్చ అని పెట్టారు, అప్పుడు కదిలింది. బకెట్ బరువు తగ్గడం పిల్లలు తమ చేతులతో రాసుకున్నారు. వరస పేరు మార్చడం కూడా నమూనాని సరిచేయడమే అని వాళ్లకి ఎవరూ విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు టెస్టు గురించి. నా దృష్టిలో మిగతా అన్నిటికన్నా ఇక్కడే ఎక్కువ టైమ్ పెట్టాలి, మనం అన్నిటికన్నా తక్కువ పెట్టేది కూడా ఇక్కడే. మూడు రకాలు ఉన్నాయి: అడగడం, చూడటం, వదిలేసి రావడం.

అడగడం తేలిక, నమ్మకం తక్కువ. మన ఊళ్లలో పెద్దవాళ్లు పిల్లల్ని నొప్పించరు, "బాగుందా అవ్వా?" అంటే "బంగారం లాగుంది బిడ్డా" అంటారు. ఆ మాట రాసుకుని వచ్చి "పదిమందిలో పదిమందికీ నచ్చింది" అని చార్టు గీస్తారు. అడగాల్సిందే అయితే ప్రశ్న మార్చండి: "దీన్ని మీ దగ్గరే ఉంచి వెళ్లమంటారా, తీసుకెళ్లమంటారా?" "నిన్న ఈ పని ఎలా చేశారో చేసి చూపిస్తారా?"

చూడటం ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. కాలితో తొక్కితే నీళ్లు పడే టిప్పీ ట్యాప్, అదే, వెదురు చట్రానికి అయిదు లీటర్ల క్యాన్ వేలాడదీసి, సుతిలితో కింద తొక్కుడు కర్రకి కట్టేది, ఎనిమిదో తరగతి వాళ్లు చేసి పక్కనే ఉన్న ప్రైమరీ స్కూల్లో పెట్టారు. ఒకటో తరగతి పాప వచ్చింది. కర్ర మీద ఒక కాలు పెట్టి తొక్కితే కదల్లేదు, బరువు చాల్లేదు. రెండు కాళ్లూ పెట్టి కర్ర మీద ఎక్కి నిలబడింది, క్యాన్ ఒక్కసారిగా వంగి నీళ్లన్నీ గౌను మీద పడ్డాయి, చేతులు మాత్రం అందలేదు. చేసిన పిల్లలు వెంటనే "అట్ల కాదు పాపా, మడమతో తొక్కు" అని ముందుకెళ్లబోయారు, టీచరు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. ఆపడమే ఆ రోజు నేర్పిన పాఠం. మనం పక్కన నిలబడి చెప్తేనే పనిచేసే వస్తువు మనం లేనప్పుడు పనిచేయదు. పిల్లలు నోరు మూసుకుని రాసుకున్నారు: కర్ర పొట్టిగా ఉంది, క్యాన్ ఎత్తు ఎక్కువ, సబ్బు కట్టిన తాడు వేరే వైపు ఉంది. ఆ మూడూ ఏ ప్రశ్నాపత్రం ఇచ్చినా వచ్చేవి కావు. పరీక్షకి వెళ్లే జట్టులో ఒకరు మాట్లాడటానికి, ఒకరు రాయడానికి, మిగతావాళ్లు కేవలం చూడటానికి అని ముందే పంచండి.

వదిలేసి రావడం కష్టమైనది, అసలు సంగతి చెప్పేది. వారం తర్వాత వెళ్తే ఆ వస్తువు వాడుతున్నారా, మూలన పడేశారా, ఇంకో పనికి వాడుతున్నారా? మూడూ సమాచారమే. ఎంబ్రేస్ అనే శిశు వెచ్చదనపు సంచి కథ ఇక్కడ పిల్లలకి చెప్పదగ్గది. 2007లో స్టాన్‌ఫర్డ్ క్లాసులో విద్యార్థులు మొదలుపెట్టిన పని అది, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డని కరెంటు లేని చోట కూడా వెచ్చగా ఉంచడానికి, 37 డిగ్రీల దగ్గర కరిగి వేడిని నిలిపి ఉంచే మైనం లాంటి పదార్థంతో చేసిన సంచి. మొదట్లో దాని మీద ఉష్ణోగ్రత అంకెలు ఉండేవి. ఊళ్లో ఒక తల్లికి చూపిస్తే, ఇంగ్లిష్ మందులు ఎప్పుడూ మరీ ఘాటుగా ఉంటాయి కాబట్టి డాక్టర్ చెప్పిన దానికన్నా తగ్గించే వాడతాను అనే అర్థంలో మాట్లాడింది. బిడ్డ ప్రాణానికే ముప్పు వచ్చే మాట అది. అంకెలు తీసేసి, సరిగ్గా ఉంది, సరిగ్గా లేదు అని మాత్రమే తెలిసేలా మార్చారు. ల్యాబ్‌లో ఎన్ని థర్మామీటర్లు పెట్టినా ఈ సంగతి తెలిసేది కాదు.

ప్రదర్శనలో జడ్జి అడిగే ప్రశ్నలు కూడా టెస్టే కదా అని కొందరు టీచర్లు అంటారు. కాదు. జడ్జి చేతులు కడుక్కోవడానికి రాలేదు. జడ్జి చూసేది పిల్లాడి వివరణని, ఆ పాప చూసింది నీళ్లని.

కొన్నిటిని మాత్రం పిల్లలతో మనుషుల మీద పరీక్షించకూడదు, ఇక్కడ మొహమాటం వద్దు. తాగే నీటి ఫిల్టర్ చేస్తే ఆ నీళ్లు ఎవరికీ తాగించొద్దు, తేటగా కనిపించినంత మాత్రాన సూక్ష్మక్రిములు, ఫ్లోరైడ్ పోయినట్టు కాదు. నల్గొండ పేరుతోనే ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఉంది, పటిక, సున్నం వేసి తేర్చడం, అందులో కూడా మోతాదు తప్పితే ప్రమాదమే. పిల్లలు ఆ డబ్బా మూత, కుళాయి, గుర్తులు ఎలా ఉండాలో పరీక్షించొచ్చు, నీళ్లని ల్యాబ్‌కి పంపాలి. శరీరానికి తగిలే ప్యాడ్లు, పూతలు, తినేవి, మెయిన్ కరెంటుతో నడిచేవి కూడా ఇంతే. బాల్యవివాహం, ఇంట్లో తాగుడు లాంటి సమస్యలు పిల్లలు ఎత్తుకుంటే దాచొద్దు, కానీ ఇళ్లకి పంపి ప్రశ్నలు అడిగించొద్దు, క్లాసులోనే ఆ ఇంటి పిల్లలు ఉండొచ్చు. అలాంటి వాటికి పిల్లల సహాయానికి ఉన్న 1098 నంబరు ఎక్కడ, ఎలా కనిపించాలి అన్న డిజైన్ చేయించండి, అదీ నిజమైన పనే. ఫోటో తీసే ముందు అడగాలి, వద్దంటే మానేయాలి, ఇది మొదటి రోజే చెప్పాలి.

ఇక మీ పరిస్థితిని బట్టి నా ఎంపికలు. ల్యాబ్ లేదు, ఒక్కరే టీచర్, క్లాసులో నలభై మంది అంటే డిజైన్ ఫర్ ఛేంజ్ అడుగులు తీసుకుని, మధ్యలో టెస్టు వారం కలపండి, మొత్తం స్కూల్ ఆవరణలోనే చేయండి. ఏటీఎల్ ఉంటే మొదటి నెల ల్యాబ్ బయట, తర్వాతే లోపల. ఇన్‌స్పైర్‌కి పంపాలని హెచ్‌ఎం పట్టుబడితే పంపండి, కానీ అప్పటికే ఒకసారి ఓడి మారిన ఐడియాని పంపండి. ఆరు, ఏడు తరగతులకి సమస్య మీరే ఇచ్చి, పరిష్కారం వాళ్లకి వదిలేయండి, ఎనిమిది, తొమ్మిదికి సమస్య కూడా వాళ్లనే వెతకనివ్వండి. పదో తరగతి వాళ్లని ఇందులోకి లాగొద్దు, వాళ్ల టెన్షన్ వాళ్లకుంటుంది, కావాలంటే చిన్నవాళ్ల నమూనాలు వాడి చూసి చెప్పమనండి.

బీటెక్ వాళ్లు అడిగితే: కాలేజీ విద్యార్థుల కోసం 2017 నుంచి జరుగుతున్న స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ పోటీలో సాఫ్ట్‌వేర్ వాళ్లకి 36 గంటల్లో ఒకటి తయారుచేసే వేగం వస్తుంది, వాడే మనిషి మాత్రం ఆ హాల్లో ఉండరు. ఉన్నత్ భారత్ అభియాన్‌లో మీ కాలేజీ ఊళ్లని దత్తత తీసుకుని ఉంటే ఆ ఊళ్లు మీకు ఉన్నాయి, వాటికి వెళ్లే బస్సు ఎక్కండి. రెండూ కలిపితే మంచిది, ఒక్కటే అంటే నేను ఆ ఊళ్లకే ఓటు వేస్తాను.

మార్కుల సంగతి కూడా తేల్చుకోవాలి, ఎందుకంటే దేనికి మార్కులిస్తే పిల్లలు అదే చేస్తారు. చివరి వస్తువుకి మార్కులిస్తే ఇంట్లో నాన్న చేసి పంపుతాడు, లేదా కోఠీలో కొనుక్కొస్తారు. నోట్‌బుక్‌కి ఇవ్వండి. ఎడమ పేజీలో ఏం చూశాం, కుడి పేజీలో దానివల్ల ఏం మార్చాం. కుడి పేజీ ఖాళీగా ఉంటే మార్కు లేదు, వస్తువు ఎంత మెరుస్తున్నా సరే. "పనిచేయలేదు, వదిలేశాం, కారణం ఇదీ" అని రాసిన జట్టుకి పూర్తి మార్కులు ఇవ్వండి, ఒక్కసారి ఇచ్చి చూపిస్తే తర్వాత ఎవరూ అబద్ధపు లెక్కలు రాయరు. ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో ప్రాజెక్టు పనికి ఉన్న మార్కుల్లోనే ఇది సరిపోతుంది, కొత్తగా పర్మిషన్ అడగక్కర్లేదు.

ఏప్రిల్‌లో ఆ నోట్‌బుక్‌లు ఇంటికి పంపేయకండి. జూన్‌లో వచ్చే కొత్త ఎనిమిదో తరగతికి ఇచ్చి, ఆపిన చోటు నుంచి మొదలుపెట్టమనండి, పాత జట్టులో ఒకరిద్దరిని ఒక పీరియడ్ పిలిచి చెప్పించండి. టిప్పీ ట్యాప్ కర్ర ఎంత పొడుగుండాలి అన్నది ఆ స్కూల్లో ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి వెతకాల్సిన పని లేదు, వాళ్లు సబ్బు ఎండిపోకుండా ఎలా అని చూస్తున్నారు.